కరెంటు పోయిన నలభై నిమిషాలు

పర్లాకిమిడిలో స్టేషను వెనక సందులో నా లేతు మిషను.
బోర్డు మీద పేరు ఒడియాలో ఉంటుంది.
లోపల కొలతలన్నీ తెలుగులోనే,
ఇంకో భాషలో నాకు దారంత తేడా కుదరదు.

నిరుడు వరి కోతల్లో
సాహు గారి రైసు మిల్లుకి ఓ ఇనప చెయ్యి వచ్చింది.
బస్తా ఎత్తుతుంది, తిరుగుతుంది, లారీలో పెడుతుంది.
హమాలీలందరూ నోళ్లు తెరుచుకుని చూశారు,
దండాసి తప్ప.
వాడు వేళ్ల మీద ఏదో లెక్కేసుకుంటున్నాడు.

మూడో రోజు కరెంటు పోయింది.
మోటారు ఊపిరి ఆగితే ఇక తిప్పేది బస్తాయే.
బరువు గేరుని తిప్పింది, గేరు మోటారుని తిప్పింది,
నూతి గిలక మీద తాడొదిలేసిన చేదలా
చెయ్యి గిర్రున దిగింది.
కింద దండాసి.
ఎడం భుజం.

దాన్ని తయారుచేసిన గుంట, ఇతిశ్రీ,
గేరుపెట్టెని బియ్యం సంచీలో వేసుకుని నా దగ్గరికొచ్చింది.
రెండు రోజులు నిద్రలేని కళ్లు.
మూత విప్పి చూశాను.
పళ్ల చక్రానికి పళ్ల చక్రం, మంచి పనే.
కానీ అవి ఇటు తోస్తే అటు, అటు తోస్తే ఇటు,
ఎవరు నెడితే వాళ్ల మాట వినే రకం.

"ఒకరి మాటే వినేది కావాలి తల్లీ" అన్నాను.

ఉక్కు కడ్డీకి మర చుట్టాను, వానపాము చుట్టలా ఒకే ఒక్క చుట్టు.
దాని పక్కన కంచు చక్రం, నలభై పళ్లు.
కడ్డీ నలభైసార్లు తిరిగితే చక్రం ఒక్కసారి.
చక్రాన్ని పట్టుకుని కడ్డీని తిప్పమను చూద్దాం!
ఎద్దు కొమ్ముతో గోడని పొడిచినట్టే.

ఎందుకని అడిగింది.
మహేంద్రగిరి ఎక్కే మనిషి నిట్టనిలువుగా ఎక్కడు,
అడ్డంగా, అడ్డంగా, పక్కవాలుగా పోతాడు.
వాలు అంత తక్కువైతే
కాలు వదిలేసినా జారడు, నేల పట్టుకుంటుంది.
మర వాలు నాలుగు డిగ్రీలు.
ఇనుముకీ కంచుకీ మధ్య రాపిడి పట్టు ఆరు.
ఆ రెండు డిగ్రీల మిగులే
దండాసి నెత్తి మీద కప్పు.

ఊరికే రాదది.
మోటారు పెట్టిన బలంలో సగానికి పైగా
ఆ రాపిడే వేడిగా తినేస్తుంది.
గంట నడిపితే పెట్టె మీద చెయ్యి నిలవదు.
ఇంకోటి: పక్కన లారీలు పోతే నేల అదురుతుంది,
అదిరినప్పుడు పట్టు కొద్దికొద్దిగా సడలుతుంది,
తెల్లారేసరికి బస్తా వేలెడు దిగి ఉంటుంది.

అందుకని కడ్డీ చివర రెండో కాపలా పెట్టాను.
కదలని ఉంగరం, లోపల చదునులు చెక్కిన ఇరుసు,
రెండిటి నడుమ కందిగింజలంత రోలర్లు, వెనక స్ప్రింగులు.
మోటారు ముందు రోలర్లని వేలితో పక్కకి జరిపి
అప్పుడు ఇరుసుని తిప్పుతుంది.
బరువు తిప్పబోతే
రోలరు ఇరుకులోకి పోయి కూర్చుంటుంది,
ఎత్తు మీద బండి చక్రం కింద రాయిలా.
ఎంత నెడితే అంత బిగుస్తుంది.

నిన్న మధ్యాహ్నం మళ్లీ కరెంటు పోయింది.
బస్తా గాల్లో.
మిల్లంతా తవుడు దుమ్ము, చప్పుడు లేదు.
ఇతిశ్రీ గోడకి సున్నంతో గీత గీసింది బస్తా అడుగుకి సరిగ్గా.
నలభై నిమిషాలు.
గీత గీత దగ్గరే ఉంది.

దండాసి వచ్చాడు, ఎడం చెయ్యి ఇంకా తల పైకి లేవదు.
బస్తా వంక చూశాడు, గీత వంక చూశాడు.
"పడదా?"
"పడదు."
"సరే" అని,
చుట్టూ తిరిగి వెళ్లాడు,
గోడ వెంట, దూరంగా.

బిల్లు ఒడియాలో రాసిచ్చాను.
ఆ నలభై నిమిషాలు ఏ పద్దులో వెయ్యాలో తెలీక
ఒక వరస ఖాళీగా ఉంచాను.